13-0-45 మీద ‘జర్మనీ టెక్నాలజీ’ ముద్ర: మందు మంచిదే, ముద్ర దండగ

ముందే చెప్పేస్తున్నా, మందు పనిచేస్తుంది. 13-0-45 అంటే నీళ్లలో కలిపి పంట మీద కొట్టే ఎరువు, ప్యాకెట్‌లో ఉన్నది అసలైన పొటాషియం నైట్రేటే. నీళ్లలో మడ్డి లేకుండా కరుగుతుంది, మిరపకాయ బరువులో, రంగులో తేడా కళ్లకు కనిపించింది. కానీ ప్యాకెట్ ముందు వైపు ఎర్ర అక్షరాల్లో ‘జర్మనీ టెక్నాలజీ’ అని ఒక ముద్ర ఉంది, పక్కన గద్ద బొమ్మ కూడా, ఆ ముద్ర పేరు చెప్పి కిలో మీద 70 రూపాయలు ఎక్కువ లాగుతున్నారు. ఆ 70 మాత్రం దండగ. ఎందుకు దండగో చెప్పాలంటే సిరొంచ నుంచి చిలీ ఎడారి దాకా, అక్కడి నుంచి హాంబర్గ్ రేవు దాకా వెళ్లి రావాలి. టైం లేనివాళ్లు ముద్ర లేని ప్యాకెట్ కొనుక్కోండి, అంతే, మిగతాది చదవకపోయినా ఏమీ అనుకోను.

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు, ఎదురొడ్డున కాళేశ్వరం గుడి. ఆఫీసు కాగితాలన్నీ మరాఠీలో, పొలం పనులన్నీ తెలుగులో. మేడిగడ్డ బ్యారేజీ కట్టాక వెనక నీళ్లు ఎక్కి కొంతమంది భూములు పోయాయి, మిగిలిన ఎకరం రెండెకరాల్లోనే గట్టెక్కాలని మిరప మీద పెట్టే ఖర్చు చూస్తే భయమేస్తుంది. పైగా 2021లో నల్ల తామర పురుగు వచ్చి పడ్డప్పటి నుంచి రైతుకి ఒకటే టెన్షన్, ఏది కొడితే చెట్టు నిలబడుతుంది అని. అలాంటి మనిషికి ఏ ప్యాకెట్ చూపించినా కొంటాడు. ఈ సంగతి మా కృషి కేంద్రాల వాళ్లకు బాగా తెలుసు. (మహారాష్ట్రలో ఎరువులు, పురుగుమందులు అమ్మే ప్రైవేటు దుకాణాన్నే కృషి కేంద్రం అంటారు, అవతలి ఒడ్డు వాళ్లు ప్రభుత్వ ఆఫీసు అనుకునేరు.)

దుకాణం పేరు రాయను, కంపెనీ పేరు కూడా రాయను. ఇలాంటి ముద్రలు కొట్టేది ఒక్కరే అయితే రాసేవాణ్ణేమో. ఒకరిది జర్మనీ, ఒకరిది జపాన్, ఒకరిది ఇజ్రాయెల్. నేను ప్యాకెట్ తిప్పి చూసి, వెనక చిన్న అక్షరాల్లో ‘మూలదేశం: చిలీ’ అని ఉంటే కౌంటర్ దగ్గరి అబ్బాయిని అడిగాను.

“తమ్ముడూ, ముందేమో జర్మనీ, వెనకేమో చిలీ. ఏది నిజం?”

“రెండూ నిజమే అన్నా. మట్టి చిలీది, టెక్నాలజీ జర్మనీది.”

ఆ జవాబు నాకు చాలా నచ్చింది. ఎవరు నేర్పారో గానీ గట్టిగా నేర్పారు. నేను పీజీలో చరిత్ర చదివి మిరప సాళ్లలోకి వచ్చినవాణ్ణి కాబట్టి అక్కడే నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. 150 ఏళ్లు పాతబడిపోయింది, అంతే. దాని దగ్గరికి వస్తాను, ముందు మందు సంగతి.

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం ఈ గ్రేడులో నత్రజని 13 శాతం ఉండాలి, అదీ మొత్తం నైట్రేట్ రూపంలోనే, నీళ్లలో కరిగే పొటాష్ 45 శాతం ఉండాలి. మధ్యలో సున్నా అంటే భాస్వరం లేదని. నైట్రేట్‌ని వేరయినా ఆకయినా నేరుగా తీసుకుంటుంది, యూరియాలా విడిపోయి మారేదాకా ఆగక్కర్లేదు. రెండో లాభం, క్లోరైడ్ దాదాపు లేకపోవడం. ఎర్ర పొటాష్‌లో పొటాష్ 60 శాతం ఉంటుంది, చాలా చవక కూడా, కానీ అది క్లోరైడ్ ఉప్పు, దుక్కిలో వేసుకోడానికి బాగానే ఉంటుంది గానీ ఆకు మీద కొడితే మాడే ప్రమాదం ఎక్కువ. అందుకే కాయ ఊరే టైంలో పైపాటుగా కొట్టడానికి ఇది అడుగుతారు.

బకెట్‌లో కలుపుతుంటే నీళ్లు చల్లబడ్డాయి. ఈ ఉప్పు కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది, కాబట్టి అది మంచి గుర్తే (యూరియా కలిపినా చల్లబడుతుంది, ఒక్క ఆ గుర్తు చూసి నమ్మేయకండి). అడుగున మడ్డి లేదు, నాజిల్ ఎక్కడా పట్టలేదు. లీటరుకు 10 గ్రాముల లెక్కన 20 లీటర్ల పంపుకు 200 గ్రాములు వేసి, ఎండ దిగాక కొట్టాం. మొదట పిందె నిలిచాక, తర్వాత కాయ ఊరేటప్పుడు. పక్క మడిలో ముద్ర లేని మామూలు 13-0-45, అదీ చిలీదే, అదే కొలతలో, అదే సాయంత్రం. చివర రెండు సాళ్లు కావాలనే ఏమీ కొట్టకుండా వదిలేశాను.

కొట్టని సాళ్లకీ కొట్టినవాటికీ తేడా స్పష్టంగా ఉంది, కాయ బరువుగా ఉంది, కల్లంలో ఎండాక రంగు కూడా పట్టింది, తాలు తక్కువ. కానీ జర్మనీ మడికీ మామూలు మడికీ మధ్య తేడా నాకు తెలియలేదు, కాయ కోయడానికి వచ్చిన ఆడవాళ్లకీ తెలియలేదు. వాళ్ల చేతులు మిరప మీద నాకంటే ఎక్కువ ఏళ్లు తిరిగినవి. “రెండూ ఒకటే కదా పటేలా, ఏది ఏదో నువ్వే చెప్పు” అన్నారు.

ఇది చేయని పనులు కూడా రాయాలి, ఎందుకంటే కంపెనీ మనిషి ఊళ్లో మీటింగ్ పెట్టి ముడత కూడా తగ్గుతుందని చెప్పి వెళ్లాడు. తగ్గదు. తామర పురుగుకి దీనికి సంబంధం లేదు, వైరస్‌కి అసలే లేదు, వేరుకుళ్లు పట్టిన చెట్టుకి ఇది కొట్టడం అంటే డబ్బులు మట్టిలో పోయడమే. వరిలో కూడా వద్దు, నిలవ నీళ్లలో నైట్రేట్ చాలావరకు గాలిలో కలిసిపోతుంది. చెట్టు ఆరోగ్యంగా ఉండి, కాయ బాగా పట్టి, బలం చాలనప్పుడు మాత్రమే దీని అవసరం.

ఇక ముద్ర.

ఉత్తర చిలీలో అటకామా అని ఎడారి ఉంది. అక్కడ వాన లెక్కలోకి రానంత తక్కువ, అందుకే మన దగ్గరైతే ఎప్పుడో కొట్టుకుపోయే ఉప్పులు అక్కడ నేలలోనే గట్టి పొరగా ఉండిపోయాయి. ఆ పొరని కలీచే అంటారు. అందులో దొరికేది సోడియం నైట్రేట్. నా ప్యాకెట్‌లో ఉన్నది పొటాషియం నైట్రేట్, మన సురేకారం. రెండూ వేరు. సోడియంది తేమ పీల్చుకుని ముద్దవుతుంది, పొలానికి పరవాలేదు గానీ తుపాకీ మందుకి పనికిరాదు. తుపాకీ మందుకి సురేకారమే కావాలి, 19వ శతాబ్దం సగం దాకా ఐరోపాకి అది ఎక్కువగా మన బీహార్ నుంచే, ఇంగ్లిషు వాళ్ల ఓడల్లో వెళ్లేది.

1861 ప్రాంతంలో జర్మనీలో స్టాస్‌ఫుర్ట్ అనే ఊరి గనుల్లోంచి పొటాష్ పెద్ద ఎత్తున తీయడం మొదలైంది. అటకామా సోడియం నైట్రేట్‌నీ ఈ జర్మన్ పొటాషియం క్లోరైడ్‌నీ వేడి నీళ్లలో కలిపి కాస్తే మామూలు తిండి ఉప్పు అడుక్కి దిగుతుంది, పైనున్న నీళ్లని తీసి చల్లారబెడితే సురేకారం పలుకులు కడుతుంది. దక్షిణ అమెరికా ఎడారి నుంచి ఒక ఉప్పు, జర్మనీ గని నుంచి ఇంకో ఉప్పు, రెండూ కలిసి మన 13-0-45. బీహార్ సురేకారం బేరం దీంతో చాలా దెబ్బతింది. కౌంటర్ దగ్గరి అబ్బాయి చెప్పిన ‘మట్టి అక్కడిది, టెక్నాలజీ జర్మనీది’ అన్న మాట ఆ రోజుల్లో అయితే ఎవరూ కాదనలేరు.

అప్పటికి ఆ ఎడారి చిలీది కూడా కాదు, పెరూది, బొలీవియాది. బొలీవియా తన భాగంలో ఉన్న నైట్రేట్ కంపెనీ మీద క్వింటాల్‌కి 10 సెంటావోల పన్ను వేసింది, కంపెనీ కట్టనంది, చిలీ సైన్యం దిగింది. 1879లో మొదలైన ఆ యుద్ధం అయ్యేసరికి ఎడారి మొత్తం చిలీ చేతిలో ఉంది, బొలీవియాకి సముద్రమే లేకుండా పోయింది. ఆ మంట ఇంకా ఆరలేదు, 2018లో అంతర్జాతీయ న్యాయస్థానంలో కూడా తీర్పు బొలీవియాకి అనుకూలంగా రాలేదు. ఎరువు మీద పది పైసల పన్ను అని తీసిపారేయకండి.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు చిలీకి స్వర్ణయుగం, ప్రభుత్వ ఆదాయంలో సగం దగ్గర దాకా నైట్రేట్ ఎగుమతి సుంకమే. గనుల్లో మొదట డబ్బు పెట్టింది ఎక్కువగా ఇంగ్లిషు వాళ్లు, కానీ సరుకు కొనేవాళ్లలో పెద్ద చెయ్యి జర్మనీది. వాళ్ల చక్కెర దుంప పొలాలకి అది కావాలి, పేలుడు పదార్థాల ఫ్యాక్టరీలకీ కావాలి. హాంబర్గ్‌లో లైష్ అనే కుటుంబ కంపెనీ దీని కోసమే పెద్ద పెద్ద తెరచాప ఓడలు నడిపింది, పేర్లన్నీ ‘ప’తోనే: ప్రాయ్సెన్, పోటోసి, పామిర్, పస్సాట్, పెకింగ్. ప్రపంచమంతా ఆవిరి ఓడల్లోకి మారిపోతున్నా ఇవి మాత్రం దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టూ తిరిగి, అక్కడి గాలివానల్లో పడి లేచి, బస్తాలు మోసుకొచ్చేవి. 1911లో కట్టిన పెకింగ్‌ని బాగుచేసి 2020లో మళ్లీ హాంబర్గ్‌కి తెచ్చుకున్నారు. అదే ఊళ్లో ఓడ ముక్కులా కోసుగా నిలబడే పెద్ద ఇటుకల భవనం ఒకటి ఉంది, దాని పేరే చిలీహౌస్, నైట్రేట్ బేరంలో సంపాదించిన స్లోమన్ అనే వ్యాపారి 1924 నాటికి కట్టించాడు. యురోపియన్ ఊళ్లో మన ఎరువు పైసలతో లేచిన భవనం అది, ఫొటోలు చూడండి, నిజంగా బాగుంటుంది.

ఇంతవరకూ చూస్తే జర్మనీ పాత్ర ఏమిటి? కొనేవాడు, మోసేవాడు, పొటాష్ కలిపేవాడు. చిలీలో ఉప్పు తీసే టెక్నాలజీ మాత్రం జర్మనీది కాదు. 1870లలో అక్కడ షాంక్స్ పద్ధతి పెట్టింది హంబర్‌స్టోన్ అనే ఇంగ్లిషు ఇంజనీరు. 1926లో మరియా ఎలెనా అనే నైట్రేట్ ఊళ్లో వచ్చిన కొత్త పద్ధతి గుగ్గెన్‌హైమ్ అనే అమెరికన్ కుటుంబానిది. ముద్ర కొట్టాలనే అంత సరదా ఉంటే ఇంగ్లాండ్ అనో అమెరికా అనో కొట్టుకోవాలి.

మరి ఈ కథలో జర్మనీ టెక్నాలజీ లేదా అంటే, ఉంది. ఈ ఉప్పే అక్కర్లేకుండా చేసుకునే టెక్నాలజీ అది. సముద్రం అవతలి ఎడారి మీద తిండికీ యుద్ధానికీ ఆధారపడితే ఒకరోజు దారి మూసుకుపోతుందని వాళ్లకి ముందే భయం ఉంది. 1909లో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనితో అమ్మోనియా చేసి చూపించాడు, బీఏఎస్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీలో కార్ల్ బోష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు, 1913లో ఓప్పావులో తయారీ మొదలైంది. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం, ఇంగ్లాండ్ నౌకాదళం దారి మూసేసింది. చిలీ ఎటూ చేరకుండా తటస్థంగానే ఉంది, కానీ యుద్ధం వాళ్ల గుమ్మంలోకే వచ్చింది. 1914 నవంబర్ 1న కొరొనెల్ ఊరి ఎదురుగా సముద్రంలో జర్మన్ దళం రెండు ఇంగ్లిషు యుద్ధనౌకల్ని ముంచింది. ఇంగ్లిషు వాళ్లు డిసెంబర్ 8న ఫాక్‌లాండ్స్ దగ్గర కసి తీర్చుకున్నారు. తప్పించుకున్న డ్రెస్డెన్ అనే ఓడ 1915 మార్చిలో హువాన్ ఫెర్నాండెజ్ దీవి దగ్గర, అంటే చిలీ నీళ్లలోనే, లంగరు వేసుకుని ఉంటే ఇంగ్లిషు ఓడలు వచ్చి కాల్పులు జరిపాయి, చివరికి జర్మన్లు తమ ఓడని తామే ముంచేసుకున్నారు. మా తటస్థత ఏమైందని చిలీ గట్టిగా అడిగితే లండన్ క్షమాపణ చెప్పింది. చిన్న దేశం పెద్ద దేశం చేత సారీ చెప్పించుకున్న సందర్భాలు ఎక్కువ ఉండవు, అందుకే రాశాను.

యుద్ధం నాలుగేళ్లూ జర్మనీ చాలావరకు ఫ్యాక్టరీలో చేసిన నత్రజనితోనే నెట్టుకొచ్చింది. యుద్ధం అయ్యాక ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది, చిలీ నైట్రేట్ అడిగేవాడు తగ్గిపోయాడు. 1930ల మాంద్యంలో అందరికంటే ఘోరంగా దెబ్బతిన్న దేశం చిలీ అని నానాజాతి సమితి లెక్క కట్టింది. ఎడారిలోని నైట్రేట్ ఊళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి, హంబర్‌స్టోన్ పేరు పెట్టిన ఊరు 1960లో ఖాళీ అయింది. ఇప్పుడు ఆ ఖాళీ ఊరు యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది, 2005 నుంచి. హాంబర్గ్‌లోని చిలీహౌస్ కూడా ఉంది, 2015 నుంచి.

కాబట్టి అసలు జర్మనీ టెక్నాలజీ కావాలనుకునే రైతు ఎక్కడికీ పోనక్కర్లేదు. 266 రూపాయల 50 పైసల యూరియా బస్తాలో ఉన్నది అదే, హేబర్, బోష్‌ల అమ్మోనియా. దాని మీద మాత్రం ఎవడూ గద్ద బొమ్మ వేయడు, ఎందుకంటే ఆ రేటు ప్రభుత్వం చేతిలో ఉంది, ముద్ర వేసినా పైసా పెరగదు. నీళ్లలో కరిగే ఎరువుల రేటు అలా కాదు, వ్యాపారి ఇష్టం. ముద్రలన్నీ ఇక్కడే ఎందుకు పుడతాయో అర్థమైంది కదా.

ఇప్పటి సంగతి చూస్తే ముద్రకి ఇంకా తక్కువ ఆధారం. ఇప్పుడు చిలీకి జర్మన్ పొటాష్ కూడా అక్కర్లేదు. అటకామా ఉప్పు మైదానం కింద ఉన్న ఉప్పునీళ్లని చెరువుల్లోకి తోడి ఎండబెడితే పొటాషియం క్లోరైడ్ వస్తుంది, దాన్ని కలీచే నుంచి తీసిన నైట్రేట్‌తో కలుపుతారు. పాత పద్ధతే, కాకపోతే రెండు ఉప్పులూ ఇప్పుడు ఒకే ఎడారివి. అదే నీళ్లలోంచి లిథియం కూడా వస్తుంది, బ్యాటరీలకి. ఇప్పుడు జర్మనీ మళ్లీ అటకామా వైపు చూస్తున్నది దాని కోసమే. 2023 జనవరిలో అప్పటి చాన్సలర్ షోల్జ్ శాంటియాగో వెళ్లినప్పుడు మాటలన్నీ లిథియం, రాగి, హైడ్రోజన్ చుట్టూనే. చిలీ కూడా ఈసారి ఉత్త మట్టి అమ్మం, శుద్ధి కూడా మా దగ్గరే జరగాలి అంది, నైట్రేట్ కాలం దెబ్బ గుర్తున్నవాళ్లు అలాగే అంటారు మరి. ఐరోపా యూనియన్, చిలీల మధ్య కొత్త వాణిజ్య ఒప్పందం 2025 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉంది. మన దేశం 2006లో చిలీతో చేసుకున్న ఒప్పందాన్ని పెద్దది చేసే పని కూడా అదే ఏడాది మొదలైంది, ఏప్రిల్‌లో అప్పటి చిలీ అధ్యక్షుడు బోరిక్ ఢిల్లీ వచ్చి వెళ్లాక. పెద్దవాళ్లందరికీ కావాల్సింది రాగి, లిథియం. నాకు కావాల్సింది ఆ చెరువుల్లోనే పక్కన తేలే పొటాష్. మన దేశంలో పొటాష్ తీసే గనే లేదు, ఎర్ర పొటాష్ కూడా కెనడా, రష్యా, బెలారస్, జోర్డాన్ లాంటి చోట్ల నుంచి రావాల్సిందే. అలాంటప్పుడు దిగుమతి సరుకు అని గొప్పగా చెప్పుకోవడంలో అర్థమే లేదు, అంతా దిగుమతే.

ఎరువు రివ్యూలో అక్కర్లేని ముక్క ఒకటి: 1973లో చిలీలో సైనిక తిరుగుబాటు జరిగాక వేల మంది అక్కడి నుంచి తూర్పు జర్మనీకి పారిపోయి తలదాచుకున్నారు, తర్వాత అధ్యక్షురాలైన మిషెల్ బాషెలే వాళ్లలో ఒకరు. తూర్పు జర్మనీ కూలాక ఆ దేశ నాయకుడు హోనెకర్ మాస్కోలోని చిలీ రాయబార కార్యాలయంలో దాక్కుని, చివరికి శాంటియాగో చేరి 1994లో అక్కడే పోయాడు. దేశాల మధ్య అప్పులు ఎప్పుడు ఎటు నుంచి తీరతాయో చెప్పలేం.

దుకాణం సంగతి. సరుకు నిల్వ బాగుంది, ప్యాకెట్లు తడి తగలకుండా చెక్క బల్లల మీద పెట్టారు, గడువు దాటిన సరుకు కనిపించలేదు. అడిగితే బ్యాచ్ నంబరుతో బిల్లు ఇచ్చారు, అడగకపోతే ఇచ్చేవాళ్లు కాదు, చీటీ మీద రాసి చేతిలో పెడతారు. ఆ అబ్బాయి మర్యాదగానే ఉన్నాడు, చిలీ కథ మొత్తం విని “అయితే అన్నా, ఇజ్రాయెల్‌ది చూపించనా?” అన్నాడు.

నా ఫిర్యాదు ఉద్దెర దగ్గర. ముద్ర ఉన్నది నగదుకు కిలో 260, ముద్ర లేనిది 190. బాగానే ఉంది, ఇష్టమున్నవాడు ఏది కావాలంటే అది కొంటాడు. కానీ ఉద్దెర అడిగితే ముద్ర లేనిది ‘స్టాక్ లేదు’. ముద్ర ఉన్నదే ఇస్తారు, అదీ 300కి, పైగా కాయ వాళ్లకే తూకం వేయాలనే షరతు మీద. నగదు లేనివాడికి ఎంచుకునే వీలే లేదు. చిలీ నైట్రేట్ గనుల్లో కూలీలకి జీతం డబ్బుల్లో కాకుండా కంపెనీ బిళ్లల్లో ఇచ్చేవాళ్లు, ఆ బిళ్లలు కంపెనీ దుకాణంలో తప్ప ఇంకెక్కడా చెల్లవు, రేటు కంపెనీ చెప్పిందే. 1907 డిసెంబర్‌లో వాళ్లు సమ్మె చేసి ఇకీకే ఊరికి నడిచొచ్చి, అడిగినవాటిలో ఈ బిళ్లల గొడవ కూడా ఒకటి, సాంతా మరియా బడిలో దిగితే సైన్యం కాల్చి వందల మందిని చంపింది. మా కృషి కేంద్రం అంత పాపం ఏమీ చేయలేదు, ఆ మాట అనడం లేదు. కానీ చెల్లుబాటు ఒక్క చోటే ఉన్న డబ్బు ఎలా పనిచేస్తుందో మా ఊళ్లో మిరప రైతుకి ఎవరూ వివరించక్కర్లేదు. వరంగల్ మార్కెట్‌లో రేటు ఎక్కువ ఉందని ఫోన్‌లో చూస్తూనే ఇక్కడ తూకం వేయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

మార్కులు అడిగితే: మందుకి ఐదుకి నాలుగు, ముద్రకి సున్నా, దుకాణానికి రెండున్నర. నగదు ఉండి, బిల్లు అడిగే ఓపిక ఉంటే దుకాణానికి మూడున్నర వేసుకోండి.

కొనేటప్పుడు ముందు వైపు చూడొద్దు, వెనక వైపు మూడు అంకెలు, బ్యాచ్ నంబరు, దిగుమతిదారు చిరునామా ఉన్నాయో లేదో చూడండి. నత్రజని పక్కన ‘నైట్రేట్ రూపంలో’ అని లేకపోతే వదిలేయండి. కాయ ఊరేటప్పుడు ఆకు ముదురు పచ్చగా ఉండి నత్రజని అక్కర్లేదనిపిస్తే 0-0-50 (పొటాషియం సల్ఫేట్) కొట్టుకోవచ్చు, అందులో గంధకం కూడా వస్తుంది. ప్యాకెట్ ఒకసారి తెరిచాక డబ్బాలో పోసి మూత బిగించండి, వానాకాలంలో గడ్డకడుతుంది. దగ్గర్లో బీడీ కాల్చడం, గడ్డివాము పక్కన పెట్టడం వద్దు, అది సురేకారమని మర్చిపోకండి. ఈసారి మేం నలుగురం కలిసి ముద్ర లేని 25 కిలోల బస్తా నగదు పెట్టి తెచ్చుకుంటున్నాం, కిలో లెక్కన చూస్తే విడి ప్యాకెట్ కంటే ఇంకా తక్కువ పడుతోంది.